సిగే పో

ఫోన్ వచ్చినప్పుడు నేను కువైట్ సిటీ షర్క్‌లో, మా ఆఫీసు టీ గదిలో ఏలకులు దంచుతున్నాను. తెలియని నంబరు. ఎత్తితే అవతల ఒక మగ గొంతు, "కుయా మస్తాన్?" అంది. కుయా అంటే ఫిలిప్పీన్స్ వాళ్ళ భాషలో అన్న. నన్ను ఆ పిలుపు పిలిచినవాడు నా జన్మలో ఒక్కడే. వాడు ఈ దేశం వదిలిపెట్టి పాతికేళ్ళయింది. "నేను రొడెల్‌ని. ఖైతాన్ రొడెల్. మన పాత బిల్డింగు హారిస్ నీ నంబరు ఇచ్చాడు. టీముతో వచ్చాను, కంపెనీ టీముతో" అన్నాడు. హారిస్ అంటే కాపలాదారు. నేను ఇప్పటికీ ఆ బిల్డింగుకు రెండు సందుల అవతలే ఉంటాను కాబట్టి ఆయనకు నా నంబరు తెలుసు. ఇంతవరకు అర్థమయింది. ఏ కంపెనీ, ఏ టీము అన్నది మాత్రం బుర్రకెక్కలేదు. మేమిద్దరం పనిచేసిన క్లీనింగ్ కంపెనీ మూతపడి చాలా కాలమయింది. వాడు గబగబా ఏదో చెప్పాడు, చేపల డబ్బాలన్నాడు, ఆసియా క్లబ్బుల పోటీ అన్నాడు, రేపు సాయంత్రం ఇక్కడి క్లబ్బుతో మ్యాచ్ అన్నాడు. పాత స్నేహితుడు అంత దూరం నుంచి వచ్చి వెతుక్కుంటూ ఫోన్ చేస్తే మనిషికి సంతోషం కలగాలి. నాకు మొదట కలిగింది భయం. పాతికేళ్ళ కిందట వాడు నన్నొక మాట అడిగాడు. నేను జవాబు చెప్పలేదు. ఇప్పుడు మళ్ళీ అదే అడుగుతాడని భయపడ్డాను. వాడు అడిగింది చిన్న మాటే. "ఎందుకు ఆగిపోయావు?"

దంచిన ఏలకులు టీలో వేయడం మరిచిపోయాను. ఆరోజు ఆఫీసంతా ఉత్త టీ తాగింది.

మేమప్పుడు ఖైతాన్‌లో మూడో అంతస్తు ఫ్లాటులో ఉండేవాళ్ళం. కంపెనీ ఇచ్చినదే. రెండు గదులు, ఒక వంటగది, ఒక బాత్రూము. ఒక గదిలో రాయచోటి, కడప వాళ్ళం అయిదుగురం. ఎదురు గదిలో ఫిలిప్పీన్స్ వాళ్ళు ఆరుగురు. మధ్యలో ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకు అతుక్కోవలసినంత సన్నటి నడవ. పొద్దున డ్యూటీ బస్సు హారను కొట్టేలోగా పదకొండు మందీ స్నానం చేయాలి, అన్నం కట్టుకోవాలి. పొయ్యికి రెండే మంటలు. ఒకదాని మీద వాళ్ళు ఎండుచేపలు వేయించేవాళ్ళు, ఇంకోదాని మీద మేం పప్పు పెట్టేవాళ్ళం. వాళ్ళ వెల్లుల్లి అన్నం, వెనిగరు ఘాటు, మా తాలింపు, మేం నూరుకునే చెనిక్కాయల ఊరిమిండి, అన్నీ ఆ నడవలో కలిసిపోయి, బట్టల్లోకి ఎక్కి, మాతోపాటు బస్సులో డ్యూటీకి వచ్చేవి. నేను తుడిచిన ఆఫీసుల్లో ఫినాయిలు వాసన కింద ఆ వాసన కూడా ఉండేదని నా నమ్మకం. ఇప్పుడు నా గదిలో నేనొక్కణ్ణే. రెండు మంటల పొయ్యి మొత్తం నాదే. పప్పు ఒకవైపు పెట్టుకుని రెండోవైపు ఏం చేయాలో తెలియక ఖాళీగా వదిలేస్తాను.

ఆ ఫ్లాటుకు పెద్ద దిక్కు ఖాదర్ మామ. మా అమ్మకు వరసకు అన్న అవుతాడు. నాకు వీసా తెప్పించింది ఆయనే. కంపెనీ స్టోరులో అందరికీ ఫినాయిలు, చీపుర్లు, గుడ్డలు ఇచ్చే పని, అందుకని మా అందరికన్నా ఒక మెట్టు పైన ఉన్నట్టు లెక్క. చక్కెర సూట్‌కేసులో పెట్టి తాళం వేసేవాడు. పాలు లేని సులేమానీ టీని సాసరులో పోసుకుని, చప్పుడు చేస్తూ తాగి, ఆ సాసరు తానే కడిగి, తలగడ కింద దాచుకునేవాడు. తలగడ కింద సాసరు ఎందుకో ఎవరం అడగలేదు. మనసు మంచిదే గానీ నోరు ఆగదు. చీమ పాకినా "పో, పో" అనేవాడు. పిల్లి వచ్చినా అంతే, నేను ఎదురుపడినా అంతే. ఇంక ఎదురు గదివాళ్ళు నిక్కర్లతో వంటగదిలోకి వస్తే చెప్పాలా? "ఏమప్పా, మీకు సిగ్గూ ఎగ్గూ లేదా? మోకాళ్లు కనపడేటట్ల వంటింట్లోకి వస్తారా? ఆ చేపల కంపేంది? పో, పో ఆవలికి" అని పొద్దున లేస్తే మొదలు.

దానికి వాళ్ళు కోపం తెచ్చుకునేవాళ్ళు కారు. తలలు వంచి, ఒకరి తర్వాత ఒకరు, "సిగే పో, సిగే పో" అని పక్కకు తప్పుకునేవాళ్ళు. మా మామ మొహం కందగడ్డ అయ్యేది. "ఇన్న్యావారా మస్తానూ? సిగ్గు లేదా అంటే నాకే సిగ్గంటాండారు. పైగా పో అంటాండారు. నా వంటింట్లోనించి నన్నే పొమ్మంటాండారు" అనేవాడు. నేను దేశానికి కొత్త, మూడు నెలలు కూడా కాలేదు. నా చెవులకూ అలాగే వినపడింది. సిగ్గే, పో. మామ తిట్టిన తిట్టునే పట్టుకుని, మామ మీదే తిప్పికొడుతున్నారని మా గది మొత్తం తీర్మానించుకుంది. విచిత్రమేమిటంటే అంత ఎగతాళి చేసేవాళ్ళే మామ బియ్యం మూట మూడంతస్తులు మోసి తెచ్చేవాళ్ళు. మామకు జ్వరమొస్తే అల్లం వేసి చిక్కటి గంజి కాచి, గిన్నె రెండు చేతులతో పట్టుకుని, "పో" అని ముగిసే మాటలేవో చెబుతూ ఇచ్చారు. మామ ఆ గంజి తాగి, మూతి తుడుచుకుని, "పొమ్మంటా గంజి పోస్తారు. వీళ్ల యవ్వారం నాకు దిక్కు తెలీడంల్యా" అన్నాడు. నాకూ తెలియలేదు. అడగడానికి మాకు ఉమ్మడి భాష ఏదీ సరిగ్గా లేదు. వాళ్ళ ఇంగ్లీషు మాకు సగం, మా హిందీ వాళ్ళకు పావు, ఇద్దరికీ కలిపి పది అరబ్బీ మాటలు.

వాళ్ళలో రొడెల్ నాతో చనువుగా ఉండేవాడు. నాకన్నా రెండేళ్ళు చిన్న, పొట్టి మనిషి, కాలి పిక్కలు రాళ్ళలా ఉండేవి. మేమిద్దరం ఒకే ఆఫీసులో నేల తుడిచేవాళ్ళం, నేను కిటికీ వైపు నుంచి, వాడు తలుపు వైపు నుంచి, మధ్యలో కలుసుకునేదాకా. బీరువా తలుపు లోపలివైపు ఒక పసిబిడ్డ ఫొటో అతికించుకున్నాడు. వాడు ఇక్కడికి వచ్చాక పుట్టిన కూతురు. పొద్దున చొక్కా తీసుకునేటప్పుడు ఆ ఫొటోను వేలితో తట్టి తలుపు మూసేవాడు. మూడేళ్ళ కాంట్రాక్టు ముగిసేదాకా సెలవు లేదు. ఇంకా ఏడాది ఉంది. వాడి మాటలు నేనిక్కడ తెలుగులో రాస్తున్నాను గానీ, అవి ఇంత చక్కగా వచ్చేవి కావు. సగం చేతులతో చెప్పేవాడు.

శుక్రవారం పొద్దున బిల్డింగు వెనక ఇసక మైదానంలో వాళ్ళు, మిగతా ఫ్లాట్లలోని వాళ్ళ దేశస్థులతో కలిసి, ఫుట్‌బాల్ ఆడేవాళ్ళు. ఖాళీ పెయింటు డబ్బాలే గోలు. ఒకసారి మా ముదీర్, అంటే మేనేజరు, ఏదో పని మీద వచ్చి, కారు దిగకుండానే అరగంట చూశాడు. వారం తిరిగేసరికి నీలం చొక్కాలొచ్చాయి, వీపు మీద కంపెనీ పేరుతో. అంతే, కంపెనీ టీము అయిపోయింది. అప్పట్లో క్లీనింగ్, క్యాటరింగ్, సెక్యూరిటీ కంపెనీల మధ్య శుక్రవారాల పోటీ ఒకటి జరిగేది. మా వాళ్ళు ఒక్కొక్కరినే ఓడిస్తూ పోయారు. ముదీర్‌కు హుషారెక్కింది. చివరి ఆటకు ముందు ఫ్లాటుకు వచ్చి, అందరి ముందు, "కప్పు తెండి, రొడెల్‌ను నెల రోజులు ఇంటికి పంపిస్తాను. ఖలాస్" అన్నాడు. రొడెల్ ఆ మాట విన్నాక రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. బీరువా తలుపు మాత్రం మాటిమాటికీ తెరిచేవాడు.

అంతలో వాళ్ళ గోల్‌కీపరుకు శుక్రవారం డ్యూటీ పడింది. మార్చడం కుదరలేదు. అప్పుడు రొడెల్ చూపు నా మీద పడింది. నేను పొడుగు. రాయచోటిలో చెడుగుడు ఆడినవాణ్ణి, చేతులు చాచి మనిషిని పట్టుకోవడం తెలుసు. "మనిషిని పట్టినవాడివి బంతిని పట్టలేవా కుయా?" అన్నాడు. నాకు బంతి ఆట తెలియదు, తెలియదని చెప్పాలంటే నామోషీ. పది రోజులు ఆ సన్నటి నడవలో నన్ను నిలబెట్టి, అటు చివరి నుంచి నారింజ కాయలు విసిరాడు. పట్టినవి తిన్నాను, వదిలినవి గోడకు తగిలి పగిలాయి. మామ గదిలోంచి తొంగి చూసి, "పెండ్లీడు వచ్చినోడివి, కాయలతో ఆటలేందిరా? పో, పో" అని కసిరాడు. రొడెల్ వెంటనే చేతులు కట్టుకుని, గోడకు జరిగి, దారి ఇచ్చి, "సిగే పో" అన్నాడు. చూశావా మామను ఎలా ఆటపట్టిస్తున్నాడో అనుకుని లోపల కొంచెం నొచ్చుకున్నాను. స్నేహితుడు కదా అని ఊరుకున్నాను.

ఆట రోజు ఫిలిప్పీన్స్ వాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు, డ్రైవర్లు, సెలూన్లవాళ్ళు మైదానం చుట్టూ గుమిగూడారు. తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే. మామ రానన్నాడు. ఆట మొదలైన కాసేపటికే ఒక బంతి నా రెండు కాళ్ళ మధ్య నుంచి దొర్లుకుంటూ పోయింది. ఎవరో నవ్వారు. రెండో సగంలో రొడెల్ ఒక గోలు వేసి సమం చేశాడు. ఇంకా అయిదారు నిమిషాలే ఉన్నాయనగా అవతలివాళ్ళు మా అందరి తలల మీదుగా పొడుగ్గా కొట్టారు. బంతి నాకూ, వాళ్ళ ఆటగాడికీ మధ్య పడింది. నాకే దగ్గర. పరుగెత్తాను. అప్పుడు చుట్టూ ఉన్న జనం ఒక్క గొంతుతో అరవడం మొదలుపెట్టారు. సిగే, సిగే, సిగే. నా చెవిలో పడింది సిగ్గే. కాళ్ళ సందున గోలు వదిలినవాడికి సిగ్గే. మామను రోజూ అనే మాటను ఇంతమంది ముందు, నా భాషలో, నన్ను అంటున్నారు. నా కాళ్ళు ఆగిపోయాయి. ఎంతసేపు ఆగానో తెలియదు, రెండు ఊపిర్లు ఉంటుందేమో. అవతలివాడు బంతి అందుకుని, నన్ను దాటి, ఖాళీ గోలులోకి తోసేశాడు.

ఓడిపోయాం. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అది నాకు ఇంకా అనుమానం కలిగించింది. నీలం చొక్కా చెమటకు వీపుకు అంటుకుపోయి, రొడెల్ నా దగ్గరికి వచ్చి, "కుయా, ఎందుకు ఆగిపోయావు?" అన్నాడు. గొంతులో కోపం లేదు, తెలుసుకోవాలని అడిగినట్టే ఉంది. అందరిచేత సిగ్గు సిగ్గు అనిపించి, ఏమీ ఎరగనట్టు అడుగుతున్నాడే అని నాకు ఒళ్ళు మండిపోయింది. మొహం తిప్పుకుని వచ్చేశాను. ఫ్లాటులో మంచం గోడ వైపు జరుపుకున్నాను. డ్యూటీలో వేరే అంతస్తు అడిగి మార్పించుకున్నాను. మామ విని, "మంచి పని చేసినావులే. ఎగతాళి చేసేటోళ్లతో మనకేం పని" అన్నాడు. దాదాపు ఏడాది, అదే నడవలో, ఒకరికొకరు గోడకు అతుక్కుని దారి ఇచ్చుకుంటూ, నేను వాడితో మాట్లాడలేదు. వాడు మొదట్లో మాట్లాడబోయాడు. తర్వాత మానుకున్నాడు. బీరువా తలుపు మీద కొత్త ఫొటో వచ్చింది. బిడ్డ నిలబడింది.

వాడు వెళ్ళిపోయే రోజు నేను మంచం మీద గోడ వైపు తిరిగి, నిద్రపోతున్నట్టు పడుకున్నాను. పెట్టె చక్రాల చప్పుడు మా గుమ్మం దగ్గర ఆగింది. లోపలికి వచ్చి మామ ముందు వంగి, మామ చెయ్యి పట్టుకుని తన నుదుటికి ఆనించుకుని, "సలామత్ పో" అన్నాడని తర్వాత మామ చెప్పాడు. ఆ మాట నేనూ విన్నాను. సలామత్ అంటే మా ఇళ్ళల్లో క్షేమం. క్షేమంగా పో. మామ బిత్తరపోయి, అలవాటు కొద్దీ చెయ్యి ఊపుతూ, "పో, పో" అన్నాడు. చక్రాల చప్పుడు నడవ దాటాక, "పొయ్యేది వాడైతే, నన్ను సలామత్‌గా పొమ్మంటాడేందిరా?" అని నన్ను అడిగాడు. నేను నిద్రలోనే ఉన్నట్టు పలకలేదు.

అయిదారేళ్ళ తర్వాత, నేను ఈ షర్క్ ఆఫీసులో టీ పనికి చేరాక, అక్కడి రిసెప్షన్‌లో ఒక ఫిలిప్పీన్స్ అమ్మాయి ఉండేది. ఒకరోజు ఫోనులో ఎవరితోనో, ఎంతో వినయంగా, "సిగే పో, సిగే పో" అంటోంది. ట్రే పట్టుకుని ఆగిపోయాను. ఫోను పెట్టాక ఎవరిని తిడుతున్నావమ్మా అని అడిగాను. ఆ అమ్మాయి తెల్లబోయి, "తిట్టడమేంటి, మా మేనత్తతో మాట్లాడుతున్నా" అంది. సిగే అంటే సరే, కానివ్వు అని. పో అంటే పెద్దవాళ్ళతో మాట చివర పెట్టే గౌరవం అంది, మన 'అండి' లాంటిదన్నమాట. "మరి ఆటలో అరిస్తే?" అన్నాను. "పద, ముందుకు పద అని" అంది. సలామత్ పో అంటే కృతజ్ఞతలండి అని కూడా చెప్పింది. ఆ పూట ఎవరికి ఏ టీ ఇచ్చానో నాకు తెలియదు. ఇంతమంది పద, పద అని అరుస్తుంటే ఆగిపోయానా? వాడి బిడ్డను వాడికి కాకుండా చేసింది నా చెవులా? చెప్పుకుందామంటే రొడెల్ అడ్రసు లేదు, నంబరు లేదు.

మామ అప్పటికి కువైట్ వదిలి రాయచోటి వెళ్ళిపోయాడు. ఫోన్ చేసి చెప్పాను. "అయితే వాళ్లు నన్ను అండీ అన్న్యారా?" అన్నాడు. అవును మామా అన్నాను. "చీపుర్లు ఇచ్చేటోడిని, నన్ను ఎవురన్నా అండీ అన్న్యారంట్రా ఆ దేశంలో?" అన్నాడు. "నేనేమో పో పో అంటి. అది వాళ్లకు ఎట్ల ఇనపడిండునో" అన్నాడు. ఆ తర్వాత రెండేళ్ళకు మామ పోయాడు. ఎప్పుడు ఫోన్ చేసినా చివర్లో అదే అడిగేవాడు, ఎట్ల ఇనపడిండునో అని.

ఇప్పుడు రొడెల్ ఫోన్ చేసిన మర్నాడు మధ్యాహ్నం, కువైట్ సిటీలో వాళ్ళు దిగిన హోటలుకు వెళ్ళాను. బయట పెద్ద బస్సు. బస్సు నిండా ఒక చేప బొమ్మ. లాబీలో కుర్రాళ్ళు పాతికమంది, అందరి గుండెల మీదా అదే చేప. కొందరు ఫిలిప్పీన్స్ వాళ్ళు, కొందరు ఏ దేశమో నాకు తెలియదు. వాళ్ళ మధ్య నుంచి జుట్టు నెరిసిన పొట్టి మనిషి వచ్చి నన్ను కావిలించుకున్నాడు. పిక్కలు మాత్రం అలాగే ఉన్నాయి. నువ్వు ఆడతావా, ఆడిస్తావా అని అడిగాను. చొక్కాలు, బూట్లు, బంతులు, సంచులు, అన్నీ చూసేది తానే అన్నాడు. ఇక్కడి నుంచి వెళ్ళాక వాళ్ళ దీవిలో చేపలు డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలో చేరాడట. డ్యూటీ అయ్యాక ఫ్యాక్టరీ వెనక, పెయింటు డబ్బాలు పెట్టి, పనివాళ్ళతో ఆట మొదలుపెట్టాడు. యజమాని చూశాడు. చొక్కాలిచ్చాడు. ఊళ్ళో గెలిచారు, జిల్లాలో గెలిచారు. యజమానికి పట్టుదల పెరిగి మైదానం కట్టించాడు, కోచ్‌ను పెట్టాడు, చివరికి దేశంలో పెద్ద లీగులోకి చేర్చాడు. క్లబ్బు ఇప్పటికీ కంపెనీదే. చేపల డబ్బా మీద ఉండే బొమ్మే చొక్కా మీదా ఉంటుంది.

"ఈ కుర్రాళ్ళు ఆటకు వస్తే అక్కడ డబ్బాలు ఎవరు నింపుతారు?" అన్నాను. వాడు పగలబడి నవ్వాడు. వీళ్ళెవరూ ఫ్యాక్టరీ మొహం చూడలేదట. ఆడటమే ఉద్యోగం. "డ్యూటీ పడితే?" అన్నాను. "ఇదే డ్యూటీ కుయా" అన్నాడు. నాకు అందలేదు. మా కాలంలో కంపెనీ టీము అంటే డ్యూటీ పడనివాళ్ళు. మొదట ఆడిన పనివాళ్ళు ఏమయ్యారని అడిగితే, టీము పైకి వెళ్ళేకొద్దీ ఒక్కొక్కరే తప్పుకున్నారన్నాడు. చేతులతో చేప ముట్టినవాడు టీములో ఇప్పుడు తానొక్కడే. ఆ మాట చెబుతున్నప్పుడు వాడి మొహంలో ఉన్నది గర్వమో దిగులో పోల్చుకోలేకపోయాను. వాడి చొక్కా సబ్బు వాసన వచ్చింది. నా చొక్కా కూడా అంతే. ఆ నడవ వాసన ఇద్దరి దగ్గరా లేదు. ఇన్నేళ్ళకు ఇద్దరం శుభ్రమయ్యాం, మంచిదే, అయినా నాకేమిటో వెలితిగా అనిపించింది. పాత ప్రశ్న వాడు అడగలేదు. ఎప్పుడు అడుగుతాడోనని నేను కాఫీ కూడా సరిగ్గా తాగలేదు.

సాయంత్రం స్టేడియంలో ఒక పక్క గ్యాలరీ అంతా ఫిలిప్పీన్స్ వాళ్ళే. నర్సులు, డ్రైవర్లు, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు. నన్నూ వాళ్ళ మధ్య కూర్చోబెట్టాడు. వాళ్ళ టీము ఒక గోలు వెనక ఉంది. ఆఖరి నిమిషంలో మూల నుంచి బంతి కొట్టబోతున్నారు. అప్పుడు వాళ్ళ గోల్‌కీపరు తన గోలు వదిలేసి, ఆ చివర నుంచి ఈ చివరకు, మైదానం అంతా పరుగెత్తుకుంటూ వచ్చాడు. గ్యాలరీ లేచి నిలబడింది. సిగే, సిగే, సిగే. అర్థం తెలిసి ఏళ్ళయినా నా ఒళ్ళు మొదట సిగ్గే అనే విని ముడుచుకుంది. ఆ పిల్లవాడు మాత్రం ఆగలేదు. నాకు తెలియకుండానే లేచి నేనూ అరుస్తున్నాను. బంతి వాడి తలకు తగిలి గోలు పైనుంచి పోయింది. ఓడిపోయారు. అంత పరుగెత్తినా ఓడిపోవచ్చన్న సంగతి నాకు పాతికేళ్ళలో ఒక్కసారి కూడా తట్టలేదు.

స్టేడియం బయట రొడెల్ సంచులు బస్సు కిందికి ఎక్కిస్తున్నాడు. ఒక సంచి నేనూ పట్టుకున్నాను. వాడు అడగకముందే చెప్పేశాను. సిగ్గు అంటే మా భాషలో ఏమిటో, ఆరోజు నాకు ఏం వినపడిందో, ఏడాది ఎందుకు మాట్లాడలేదో. వాడు ముందు నవ్వాడు. తర్వాత నవ్వు ఆగిపోయింది. సంచి మీద కూర్చున్నాడు. "నేను ఇంకోలా అనుకున్నాను. మా చేపల వాసనంటే నీకు అసహ్యమనుకున్నాను. మా టీము గెలవడం నీకు ఇష్టం లేదనుకున్నాను" అన్నాడు. పాప సంగతి అడిగాను. "నేను వెళ్ళేసరికి రెండేళ్ళు దాటాయి. నెల రోజులు నా ఒళ్ళోకి రాలేదు. నన్ను చూస్తే తలుపు వెనక దాక్కునేది" అన్నాడు. ఇప్పుడు నర్సు అయిందట. ఇక్కడికే, కువైట్‌కే రావాలని చూస్తోందట. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. వాడు నా భుజం మీద చెయ్యి వేసి, "సిగే" అన్నాడు. సరే, కానివ్వు. అంతేనా, ఇంకేమైనా ఉందా ఆ మాటలో? నాకు తెలియదు.

లేచి చేతులు దులుపుకుంటూ, "ఆ పెద్దాయన ఎలా ఉన్నాడు?" అన్నాడు. పోయాడని చెప్పాను. గుండెల మీద సిలువ గుర్తు వేసుకున్నాడు. "మమ్మల్ని ఈ దేశంలో అందరూ యల్లా, యల్లా అని తోలేవాళ్ళే. ఆయన మాత్రం మా భాష రాకపోయినా, మా 'పో' నేర్చుకున్నాడు. ఎప్పుడూ ఒక్కసారి అనలేదు. పో, పో అని రెండుసార్లు అనేవాడు. నేల తుడిచే మాకు, స్టోరు చూసే మనిషి, తండ్రి వయసువాడు" అన్నాడు. బస్సు ఎక్కబోతున్న గోల్‌కీపరు కుర్రవాణ్ణి పిలిచి, వాళ్ళ భాషలో ఏదో చెప్పాడు. ఆ పిల్లవాడు నన్ను గౌరవంగా చూశాడు. "టీములోకి వచ్చిన ప్రతివాడికీ ఈ కథ చెబుతాను, చొక్కాలు ఉతికేవాడితో కూడా 'పో' అనమని" అన్నాడు రొడెల్.

నేను నోరు తెరిచాను. ఒకటి చెప్పేశాను, రెండోదీ చెబితే బరువంతా దిగిపోతుంది. రొడెల్, మా మామ అన్న పో అది కాదు అనాలి. నాలుక చివరిదాకా వచ్చింది. రాయచోటి నుంచి ఫోనులో మామ అడిగిన మాట గుర్తొచ్చింది, ఎట్ల ఇనపడిండునో అని. ఇదుగో మామా, ఇలా వినపడింది. చెప్పడానికి నువ్వు లేవు. "నిజంగా అందరితోనూ అలాగే అనేవాడా?" అని రొడెల్ అడిగాడు. "అందరితోనూ. చీమతో కూడా" అన్నాను. అందులో అబద్ధం లేదు.

బస్సు కదిలింది. తలుపు ఇంకా మూయలేదు. మెట్టు మీద నిలబడి రొడెల్, "సలామత్ పో, కుయా" అన్నాడు. నాకు రెండు అర్థాలూ వినపడ్డాయి. నేను మామ లాగే చెయ్యి ఊపుతూ, "పో, పో" అన్నాను. ఏ భాషలో అన్నానో నన్నడిగితే చెప్పలేను. వాడు తల వంచాడు.